కుంచాల వారి ఎకరం మినుము

పుట్లవారిపాలెంలో కుంచాల వారంత తెలివైనవాళ్ళు లేరు. ఈ మాట ఊళ్ళో ఎవరన్నారా అని వెతక్కండి, కుంచాల వాళ్ళే అన్నారు. రోజుకి రెండుసార్లు, అన్నానికి ముందొకసారి, అన్నం తిన్నాక ఒకసారి అనుకునేవాళ్ళు. అనుకున్న రోజున అన్నం బాగా అరిగేదట.

ఆ ఇంట్లో ఉన్నది ముగ్గురే. పెద్దవాడు పేరయ్య, అతని పెళ్ళాం తాయారమ్మ, పేరయ్య తమ్ముడు చలమయ్య. చలమయ్యకి ఇంకా పెళ్ళి కాలేదు. ఒకసారి పెళ్ళిచూపులకి వెళ్తే పిల్ల తండ్రి మర్యాదకి "మీ ఇల్లే అనుకోండి బాబూ" అన్నాడు. అంతే, చలమయ్య చొక్కా విప్పి వంకీకి తగిలించి, మంచం వాల్చుకుని పడుకుని, పొద్దున్నే లేచి వాళ్ళ గేదెని బేరానికి పెట్టాడు. ఆ తర్వాత చుట్టుపక్కల ఎవరూ వాళ్ళకి పిల్లని చూపించలేదు.

"లోకం ఎందుకిలా తగలడిందంటావు?" అనేవాడు పేరయ్య, చెయ్యి కడుక్కుంటూ.

"చెప్పింది చెప్పినట్టు చేసేవాళ్ళు లేక," అనేది తాయారమ్మ.

"మనం ఉన్నాంగా వదినా," అనేవాడు చలమయ్య. ముగ్గురూ తృప్తిగా త్రేన్చేవాళ్ళు.

సరిగ్గా అలాంటి మనుషుల కోసమే ఒక పిల్ల ఎండలో పడి తిరుగుతోంది. ఆ పిల్ల పేరు ప్రసూన. వ్యవసాయ విస్తరణ అధికారి. అంటే చదువుకున్నవాళ్ళు కనిపెట్టిన మంచి పద్ధతుల్ని రైతు దగ్గరికి మోసుకెళ్ళి చెప్పే ఉద్యోగం. ఆమెకి అయిదు ఊళ్ళు, ఒక పాత స్కూటరు, చెప్పిన మాట వినని ఒక ట్యాబు. పొద్దున పంట నమోదు, మధ్యాహ్నం మీటింగు, సాయంత్రం ఆ మీటింగు ఫోటోలు పంపమని ఇంకో మీటింగు. ఇవన్నీ అయ్యాక రైతుల దగ్గర కూచుని గొంతు పోయేలా చెప్పేది. వాళ్ళు "అలాగే మేడం గారూ, మీరు చెప్పాక తప్పుతుందా" అని తలలూపి, అక్కణ్ణించి నేరుగా మందుల కొట్టుకి పోయి, కొట్టాయన చేతిలో ఏది పెడితే అది తెచ్చి చేలో కొట్టేవాళ్ళు. మూడేళ్ళు ఇదే వరస. నాకైతే ఆ పిల్లని చూస్తే జాలేసేది.

జిల్లాలో వాళ్ళ పై అధికారిని అందరూ జేడీ గారంటారు. ఆయన ఆమెని పిలిచి, "మూడేళ్ళయింది, నీ మాట విన్న రైతుని ఒక్కణ్ణి చూపించావా అమ్మా? ఈసారి ఆ ఊళ్ళో ఒక్క ఎకరం మినుము నీ పద్ధతిలో పండించి చూపించు. దిగుబడి నేనే వచ్చి తూస్తాను. అది లేదనుకో, నిన్ను పొలాల మీద నుంచి తీసేసి ఆఫీసులో ఫైళ్ళు కుట్టే పనికి వేస్తాను," అన్నారు.

ప్రసూనకి ఏడుపొచ్చింది. పొలం గట్టు మీద నడవడం కోసమే ఆ చదువు చదివింది. ఫైళ్ళ దుమ్ము ముక్కుకి తగిలితే పదిహేడు తుమ్ములు తుమ్ముతుంది. ఊరంతా తిరిగి ఎకరం ఇమ్మని బతిమాలింది. ఒకరు వచ్చే ఏడు చూద్దామన్నారు, ఒకరు మా ఆవిణ్ణి అడగాలన్నారు, ఆవిడ మా ఆయన్ని అడగాలంది. చివరికి కుంచాల వారి గుమ్మం ఎక్కింది.

"దానికేముందండీ," అన్నాడు పేరయ్య. "ఎకరం తీసుకోండి. మీరేం చెబితే అది చేస్తాం. ఒక్క ముక్క ఎక్కువ చెయ్యం, ఒక్క ముక్క తక్కువ చెయ్యం."

"నిజంగానా బాబాయ్ గారూ?" అంది ప్రసూన. ఆ సంతోషంలో తాయారమ్మ చేతులు రెండూ పట్టుకుంది. పాపం, ఆ పిల్ల ఆ మాట సరిగ్గా విని ఉంటే, స్కూటరు తిప్పుకుని ఆ పొలిమేర దాటిపోయేది.

మొదటి పని మట్టి పరీక్ష. ప్రసూన గట్టు మీద నిలబడి ఓపిగ్గా చెప్పింది. "పది చోట్ల జానెడు లోతు తవ్వి మట్టి తియ్యండి. అంతా కలిపి గుండ్రంగా పరిచి నాలుగు భాగాలు చెయ్యండి. ఎదురెదురుగా ఉన్న రెండు భాగాలు పారేసి, మిగిలింది మళ్ళీ కలిపి మళ్ళీ అలాగే. అరకిలో మిగిలేదాకా అంతే. తర్వాత నీడలో ఆరబెట్టండి. ఆ అరకిలో చూస్తే చాలు, మొత్తం సంగతి తెలిసిపోతుంది."

అన్నదమ్ములు అక్షరం తప్పకుండా చేశారు. ఒక్కటే చిక్కు, చేలో చెట్టు లేదు, నీడ లేదు. ఇంటికి తీసుకుపోయి ఆరబెట్టొచ్చు కదా అంటారు మీరు. పక్క చేను ఆయన కూడా అదే అన్నాడు.

"ఇంటి నీడలో ఆరితే అది ఇంటి మట్టి అయిపోదుటయ్యా?" అని నవ్వాడు పేరయ్య. "తెలివి ఉండాలి దేనికైనా."

ఇంకేముంది, అరకిలో మట్టికి మూడు రోజులు గొడుగు పట్టారు. పొద్దున తూర్పు వైపు నిలబడి పేరయ్య, మధ్యాహ్నం నుంచి పడమటి వైపు నిలబడి చలమయ్య. మట్టి చల్లగా ఆరింది, వీళ్ళిద్దరికీ వడదెబ్బ తగిలింది. రోడ్డున పోయేవాళ్ళు బస్సు ఆపించుకుని చూశారు.

అక్కడితో ఆగితే బాగుండేది. అరకిలో చూస్తే మొత్తం తెలుస్తుందన్న మాట తాయారమ్మ మనసులో పడిపోయింది. ఆ వారం వాళ్ళ అన్నగారింటి నుంచి పన్నెండుమంది భోజనానికి వచ్చారు. గంగాళం నిండా పులిహోర కలిపింది. ఉప్పు సరిపోయిందో లేదో ఎలా తెలియడం? చాప మీద పులిహోరంతా గుండ్రంగా పరిచింది, నాలుగు భాగాలు చేసింది, ఎదురెదురు రెండు భాగాలు గేదె కుడితిలో పారేసింది. మిగిలింది కలిపి మళ్ళీ నాలుగు, మళ్ళీ రెండు గేదెకి. అరకిలో మిగిలాక నోట్లో వేసుకుని చూసి, "ఉప్పు అమృతంలా సరిపోయింది, రండి రండి," అని పీటలు వేసింది. పన్నెండుమందికీ తలా ఒక ముద్ద వచ్చింది. గేదె మాత్రం రెండు రోజులు కదల్లేదు.

"అత్త ఇంత పిసినారి ఎప్పుడయింది?" అని అడిగాడట ఆ అన్నగారి కొడుకు.

"పిసినారితనం కాదు, సైన్సు," అన్నాడు చలమయ్య.

తర్వాత విత్తన శుద్ధి. వాన పడి పొలం పదునుగా ఉంది. ప్రసూన ఎనిమిది కిలోల మినుములూ, పొట్లంలో మందూ తెచ్చి ఇచ్చి, "రేపు విత్తెయ్యాలి, ఆలస్యమైతే పదును పోతుంది. ముందు ఈ మందు పట్టించండి. జాగ్రత్త, ప్రతి గింజకీ అంటాలి సుమండీ," అని చెప్పి మీటింగుకి పరిగెత్తింది.

ఊరంతా విత్తేసింది. కుంచాల వారి చేను మాత్రం అలాగే ఉంది. మూడో రోజున ప్రసూన పరిగెత్తుకుంటూ వచ్చి చూస్తే, ముగ్గురూ వసారాలో వరసగా కూచున్నారు. చేతికి గుడ్డ చుట్టుకుని, పుల్లకి దూది చుట్టుకుని, ఒక్కొక్క మినప గింజనీ వేళ్ళ మధ్య పట్టుకుని, అటు తిప్పి ఇటు తిప్పి మందు పూస్తున్నారు. పూసిన గింజని విస్తరిలో పెట్టి ఊదుతున్నారు.

"ఇదేంటి బాబాయ్ గారూ!"

"కిలోంపావు అయిందండీ," అన్నాడు పేరయ్య తల ఎత్తకుండా. "పాడు గింజలు, నడుం దగ్గర అంటవు. దీపావళికల్లా పూర్తి చేసేస్తాం."

ప్రసూన ఇత్తడి బిందె తెప్పించి, గింజలూ మందూ అందులో పోసి, మూతికి గుడ్డ కట్టి గలగలా అయిదు నిమిషాలు ఊపి గుమ్మరించింది. అన్నిటికీ అంటింది. ముగ్గురూ నోళ్ళు తెరుచుకుని చూశారు. చలమయ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఈ సంగతి ముందే చెప్పి ఉంటే, ఒక్కొక్కదానికీ పేరు పెట్టుకునేవాణ్ణి కాదుగా," అన్నాడు.

ప్రసూన ఆ రోజు ఇంటికి పోలేదు. చీర కుచ్చిళ్ళు దోపుకుని దగ్గరుండి విత్తించింది. పదును ఆఖరి గడియలో గింజ పడింది. నాలుగో రోజుకి పచ్చగా మొలిచింది. ఆ మొలకలు చూసి ఆ పిల్ల గట్టు మీద కూచుని చంటిపిల్లలా నవ్వుకుంది.

నెల తిరిగేసరికి ఆకుల మీద పచ్చపురుగు కనిపించింది. "కంగారుపడి మందులు కొట్టకండి," అని చెప్పింది ప్రసూన ఫోన్లో. "చేలో పది చోట్ల పంగల కర్రలు పాతండి. పక్షులు వాటి మీద వాలి పురుగుల్ని తినేస్తాయి."

కర్రలు పాతారు. కింద కూచుని చూశారు. ఒక గంట చూశారు, రెండు గంటలు చూశారు. ఒక్క పక్షి వాలలేదు. వాలుతుందా మరి, ముగ్గురు మనుషులు ఆకాశం కేసి చూస్తూ "రావే, రావే" అని అరుస్తూంటే!

"మేడం గారు పక్షులు వాలతాయన్నారు," అన్నాడు పేరయ్య. "వాలకపోతే ఆవిడ మాట పోతుంది. పాపం ఉద్యోగం కూడా పోతుందిట."

"కోడి పక్షి కాదా అన్నా?" అన్నాడు చలమయ్య.

అంతే. వీధిలో కనిపించిన కోళ్ళన్నీ పట్టుకొచ్చి, కర్రకొకటి చొప్పున కాళ్ళకి తాడు కట్టి కూచోబెట్టారు. కోళ్ళు కాసేపు ఆలోచించాయి. తర్వాత పదీ ఒకేసారి కిందకి దూకి, తాడు అందినంత మేర తలకిందులుగా వేలాడుతూ, రెక్కలు కొట్టుకుంటూ ఊరు ఏకం చేశాయి. కోళ్ళ వాళ్ళు కర్రలు పట్టుకుని వచ్చారు.

"మా పెట్టని ఉరి తీస్తావా పేరయ్యా?"

"ఉరెక్కడిదయ్యా, పనికి పెట్టుకున్నాం. సాయంత్రం పంపేస్తాం," అన్నాడు పేరయ్య మర్యాదగా.

గలాటాలో తాళ్ళు తెగి కోళ్ళు చేలో పడ్డాయి. పడి, భయంతో పాటు ఆకలి కూడా వేసిందేమో, పచ్చపురుగుని ఒక్కటి మిగల్చకుండా ఏరుకు తిన్నాయి. మొక్కలు నాలుగు మూరల మేర గీకేశాయి గానీ పురుగు మాత్రం పోయింది. ప్రసూన వచ్చి చూసి, "పక్షులు బాగా వాలాయన్నమాట," అని మురిసిపోయింది. ఎవరూ ఆమెకి ఏ పక్షులో చెప్పలేదు, ఆమె అడగలేదు కాబట్టి.

ఇలా ఉండగా ప్రసూనని పక్క మండలం పంట నమోదుకి కూడా వేశారు. రావడానికి తీరలేదు. "మొక్కల్లో ఏ తేడా కనిపించినా ఫోటో తీసి నాకు పంపండి బాబాయ్ గారూ," అని చెప్పింది. మర్నాడే చలమయ్యకి తేడా కనిపించింది. ఒక మొక్క పక్కదానికంటే బెత్తెడు పొడుగుంది.

వీళ్ళ దగ్గరున్నది మీటల ఫోను, దాంతో ఫోటో రాదు. దానికేం, పట్నంలో ఫోటో స్టూడియో ఉంది కదా! మొక్కని మట్టిగడ్డతో సహా తవ్వి, బుట్టలో పెట్టి, బస్సులో కిటికీ పక్కన సీటు ఇప్పించి తీసుకుపోయారు. స్టూడియో ఆయన చాలా రకాల ముఖాలు చూసినవాడు, కాదనలేదు. మొక్కని కుర్చీలో కూచోబెట్టి వెనక మంచుకొండల తెర దించాడు.

"ఆగండాగండి," అంది తాయారమ్మ. "ప్రయాణంలో వాడిపోయింది బిడ్డ. ఇలాగే తీస్తే మేడం గారు మనం సరిగ్గా చూడట్లేదనుకుంటుంది." అని స్టూడియోలో అద్దం ముందున్న పౌడరు డబ్బా తీసి ఆకు ఆకుకీ నున్నగా అద్దింది. పేరయ్య ఒక పక్క, చలమయ్య ఒక పక్క నిలబడ్డారు. ఫోటో దివ్యంగా వచ్చింది. స్టూడియో ఆయనే ప్రసూన ఫోనుకి పంపాడు.

ప్రసూన ఎక్కడో చింతల తోపు పక్కన నిలబడి, ట్యాబు మీద వేలితో పొడుస్తూ, మధ్యలో ఈ ఫోటో చూసింది. ఆకుల మీద తెల్లగా పొడి! మినుముకి బూడిద తెగులు పట్టిందంటే పంట మీద ఆశ వదులుకోవడమే.

"బాబాయ్ గారూ, ఇది బూడిద తెగులు! నీళ్ళలో కలిపే గంధకం పొడి తెచ్చి ఇవాళే పిచికారీ చెయ్యండి. ముక్కుకి గుడ్డ కట్టుకోండి. ఆకు అడుగున కూడా తడవాలి. గాలికి ఎదురుగా కొట్టకూడదు, ముఖాన పడుతుంది. గాలి ఎటు పోతే అటే కొట్టుకుంటూ పోండి."

ఇంకేముంది! చలమయ్య వీపున పంపు కట్టుకున్నాడు. పేరయ్య మందు నీళ్ళ బిందెతో వెనక నడిచాడు. గాలి తూర్పుకి పోతోంది, వీళ్ళూ తూర్పుకి పోయారు. చేను అయిపోయింది. గాలి ఆగలేదు.

"గట్టొచ్చిందిరా," అన్నాడు పేరయ్య.

"గాలి ఆగలేదుగా అన్నా," అన్నాడు చలమయ్య.

పక్క చేను దాటారు, కాలవ దాటారు, రోడ్డెక్కారు. గాలి రోడ్డు వెంట పొరుగూళ్ళోకి తిరిగింది, వీళ్ళూ తిరిగారు. అక్కడ రేషను షాపు ముందు వరసలో నిలబడ్డ ముప్ఫైమందికీ పిచికారీ అయింది. ఆరేసిన బట్టలకి అయింది. సైకిలు మీద ఎదురొచ్చిన పోస్టుమాను కేకలేస్తే, "కదలకండి సార్, ఆకు అడుగున కూడా తడవాలన్నారు," అని చంకల్లో కొట్టాడు చలమయ్య. జనం వెంటపడ్డారు. అదృష్టం బాగుండి సాయంత్రానికి గాలి పడమరకి తిరిగింది, అన్నదమ్ములు దానితో పాటే పరిగెత్తుకుంటూ ఇంటికి చేరారు. ఆ వాసన ఆ ఊళ్ళో వారం పోలేదు. గజ్జి మాత్రం తగ్గిందని కొందరు ఇప్పటికీ చెప్పుకుంటారు, నాకు తెలీదు.

చిత్రం ఏమిటంటే, ఇంత జరిగినా, ఆ ఎకరం మినుము ఊళ్ళో ఏ చేను కాయనట్టు కాసింది. గుత్తులు గుత్తులుగా, కింద నుంచి పై దాకా కాయే. మంచి విత్తనం, మందు పట్టిన గింజ, పురుగు లేని ఆకు. ఆ పిల్ల చెప్పిన పద్ధతిలో తప్పేం లేదు మరి, ఇన్నాళ్ళూ చేసినవాడే లేడు.

జేడీ గారు జీపులో దిగారు. క్షేత్ర దినోత్సవం అని గుడ్డ కట్టారు, అంటే రైతులందరికీ చేను చూపించే రోజు. ప్రసూన అయిదు ఊళ్ళూ తిరిగి రమ్మని పిలిస్తే వచ్చింది తొమ్మిదిమంది, వాళ్ళలో ఆరుగురు బిస్కట్ల కోసం. అయినా జేడీ గారు చేను చూసి పొంగిపోయారు. మైకు పట్టుకున్నారు.

"ఇలాంటి పంట ఈ చుట్టుపక్కల ఎవరైనా చూశారా? ఇంత మంచి పంటకి తొమ్మిదిమందేనా వచ్చేది? ఈ చేను ప్రతి రైతూ చూడాలి! కళ్ళారా చూడాలి, చేత్తో పట్టుకుని మరీ చూడాలి!" అని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పి, "సరిగ్గా వారానికి నేను కాటా తీసుకుని వస్తాను. దిగుబడి తూచాక, మీ మేడం గారి సంగతి అప్పుడు తేలుస్తాను," అన్నారు.

ప్రసూన ముఖం ఎంత వెలిగిందో! ఇంకొక్క వారం. వారం గడిస్తే పొలాల పని ఆమెకే ఉంటుంది. స్కూటరెక్కి వెళ్తూ తాయారమ్మకి చెయ్యి ఊపింది. అలా ఊపడమే పొరపాటు అయింది, ఉండి ఆ ముగ్గురి ముఖాలు చూసి ఉండాల్సింది.

"విన్నావా? ప్రతి రైతూ చూడాలిట," అన్నాడు పేరయ్య.

"రమ్మంటే రావట్లేదుగా," అంది తాయారమ్మ.

"మనమే తీసుకుపోవాలి మరి," అన్నాడు చలమయ్య.

అంతే! తెల్లవారుతూనే ముగ్గురూ నడుం బిగించి, ఎకరం మినుమూ వేళ్ళతో సహా పీకి, బండి మీద కొండలా వేశారు. కాయ అప్పటికే నల్లబడింది కాబట్టి సరిపోయింది. ఎడ్లని కట్టుకుని ఊరూరా బయల్దేరారు. ఊరి మొదట్లో ఆగి పేరయ్య కేకేసేవాడు: "రైతులు రావాలండీ! చేను వచ్చింది, చూడండీ!"

మేడం గారు పిలిస్తే రానివాళ్ళు, చేను బండెక్కి వచ్చిందంటే రాకుండా ఉంటారా? పొలం దున్నేవాళ్ళు నాగలి ఆపి వచ్చారు, అన్నం తినేవాళ్ళు ఎంగిలి చేత్తో వచ్చారు. నవ్వడానికి వచ్చి, కాయ చూసి నవ్వు ఆపేశారు.

"ఏం విత్తనం ఇది? మందేం కొట్టారు?"

"మాకేం తెలుసండీ, మేడం గారు చెప్పినట్టు చేశాం. ఆవిణ్ణే అడగండి. ముందు చేత్తో పట్టుకుని చూడండి," అని ఒక్కొక్కరి చేతిలో ఒక కట్ట పెట్టేవాడు చలమయ్య.

పట్టుకుని చూసినవాళ్ళు తిరిగి ఇవ్వబోతే తీసుకునేవాడు కాదు. "పట్టుకోమన్నారు గానీ తిరిగి తీసుకోమనలేదండీ," అనేవాడు. అలా పదకొండు ఊళ్ళు. దారిలో మేకలు కూడా పట్టుకుని చూశాయి. అయిదో రోజు సాయంత్రానికి బండి తేలిగ్గా గలగలమంటూ ఇల్లు చేరింది. బండి చక్రం ఇరుసులో ఇరుక్కున్న ఒకే ఒక మొక్క మిగిలింది.

ప్రసూన వచ్చింది. చేను చూసింది. ఎకరం నేల నున్నగా ఉంది. గట్టు మీద కూలబడిపోయి ఏడ్చేసింది.

"ఎందుకమ్మాయ్ ఏడుస్తావు?" అంది తాయారమ్మ, కళ్ళు తుడుస్తూ. "అందరూ చూశారు. మేకలతో సహా."

"ఎల్లుండి జేడీ గారు కాటా తెస్తారు పిన్నిగారూ! ఏం తూచమంటారు? నన్ను తీసేస్తారు!"

అప్పుడు పేరయ్యకి కూడా దుఃఖం ముంచుకొచ్చింది. నిజంగానే. తెలివి మాట ఎలా ఉన్నా, ఆ ఇంట్లో ముగ్గురికీ ఆ పిల్లంటే ప్రాణం. తలపాగా విప్పి అందులో దాచిన ఒక్క మొక్కా తీసి ఆమె చేతిలో పెట్టాడు. ముప్ఫై కాయలున్నాయి. ప్రసూన చాలాసేపు దాన్ని చూసింది.

"సరే," అంది ముక్కు చీదుకుంటూ. "ఇదైనా చూపిస్తాను. ఒక్క మొక్కకి ఇంత కాయ ఉందని లెక్క కట్టి చెబుతాను. బాబాయ్ గారూ, మీకు పుణ్యం ఉంటుంది, దీన్నెవరికీ ఇవ్వకండి. ఎల్లుండి దాకా ఎవ్వరి కంటా పడకుండా దాచండి."

"ఎవ్వరి కంటా పడదు. మాదీ పూచీ," అన్నారు ముగ్గురూ.

ఎల్లుండి రానే వచ్చింది. జేడీ గారు జీపులో కాటాతో, ఇద్దరు గుమాస్తాలతో దిగారు. నేల చూశారు, ముఖం ఎర్రబడింది. ప్రసూన జరిగిందంతా దాచకుండా చెప్పింది. ఆయన "ఫైళ్ళు..." అని మొదలుపెట్టబోతుండగా రోడ్డు మీద ధూళి లేచింది. ట్రాక్టర్లు, సైకిళ్ళు, కాలినడకన జనం. పదకొండు ఊళ్ళ రైతులు. చేతుల్లో ఎండిన మినుము కట్టలు ఊపుకుంటూ, "ప్రసూన మేడం గారెవరండీ? ఈ విత్తనం మాక్కావాలి! మా ఊరికెప్పుడొస్తారు?" అని చుట్టుముట్టేశారు. ఒకాయన జేడీ గారిని పక్కకి నెట్టి మరీ ఆమె ఫోను నంబరు అడిగాడు.

జేడీ గారు ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో ఇంతమంది రైతులు తమంతట తాము రావడం చూడలేదు. కాటా కింద పెట్టేశారు. "అమ్మా ప్రసూనా," అన్నారు, "నువ్వు ఆఫీసుకొచ్చి నాకేం ఉపయోగం? ఇక్కడే ఉండు." ఆ పిల్ల జనం మధ్య నిలబడి ఏడుస్తూ నవ్వింది, నవ్వుతూ ఏడ్చింది.

"ఐతే కాగితం మీద ఏదో ఒకటి రాయాలి కదా," అన్నారు జేడీ గారు. "ఆ మిగిలిన ఒక్క మొక్కా తెండి, దాన్నే తూస్తాను. ఏదయ్యా?"

"మాకేం తెలుసండీ?" అన్నాడు పేరయ్య.

"దాచింది మీరే కదా!"

"మేమేనండీ. కానీ ఎవ్వరి కంటా పడకూడదన్నారుగా మేడం గారు. మాకు మాత్రం కళ్ళు లేవా? అందుకని ముగ్గురం కళ్ళకి గంతలు కట్టుకుని, చేతులు పట్టుకుని, ఇల్లంతా గిరగిరా తిరిగి, ఎక్కడో పెట్టాం."

ప్రసూన తల పట్టుకుంది. జేడీ గారికి ఓపిక నశించింది. "వెతకండయ్యా, వెతకండి!" అని అరిచి, చెప్పులు విడిచి, తనే వసారాలోకి దూరి మంచాల కింద చూడడం మొదలుపెట్టారు. వెతకమన్నారు కదా అని ముగ్గురూ లోపలికి నడిచారు. వాళ్ళ కంట కూడా పడకూడదు కాబట్టి, మళ్ళీ కళ్ళు గట్టిగా మూసుకుని, నేల మీద పాకుతూ, చేతులతో తడుముకుంటూ వెతికారు. తాయారమ్మ చెయ్యి కుడితి గోలెంలో పడింది. పేరయ్య ఒక గుమాస్తా కాలు పట్టుకుని, "ఇది కాదు, ఇది లావుగా ఉంది," అని వదిలేశాడు. జేడీ గారు నులక మంచం కింద తల పెట్టి ఉన్నారు. ఆ బట్టతల నడినెత్తిన ఆయన ప్రాణంలా కాపాడుకుంటున్న నాలుగు పోచలున్నాయి. చలమయ్య చెయ్యి అవతలి వైపు నుంచి తడుముకుంటూ తడుముకుంటూ వచ్చి, సరిగ్గా వాటి మీద పడింది.

"అన్నా, దొరికింది!" అని ఊరు దద్దరిల్లేలా కేక పెట్టాడు చలమయ్య, రెండు చేతులతో బిగించి పట్టుకుని లాగుతూ. "కాయ మొత్తం రాలిపోయింది గానీ, వేరు మాత్రం చాలా గట్టిగా ఉంది! రా, నువ్వూ ఒక చెయ్యెయ్యి!"